కీళ్లవాతము - మరపు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



ఒక ఊర గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయక నడచుట సామాన్య విషయము కాదు. పుస్తకములు కొనుటకు ధనమున్న చాలును. చదువరులు నిలుచుటకు మాత్రము ఊరివారందరికిని శ్రద్ధ ఉండవలెను. ఆ శ్రద్ధ మనకు గలదని నేటి సభయే చాటుచున్నది.

ఈ సందర్భమున భారతమును గూర్చియో మనుచరిత్రమును గూర్చియో మాటలాడుమని మిత్రులు కోరిరి. ఆ గ్రంథములు నాకును ప్రాణప్రదములే. అయినను నేడు వేరొక విషయమును ఎన్నుకొంటిని. మన గ్రంథాలయమునకు వచ్చు పెద్దలలో, ముఖ్యముగా తల్లులలో, కీళ్లవాతముతో బాధపడువారు కొందరు గలరు. "నిన్న చదివిన కథ నేడు జ్ఞప్తికి రాకున్నది. చేతులు పోయినవి సరే, మతియు పోవుచున్నదా?" అని వారు అడుగుదురు. ఇంటివారు దానికి రెండే సమాధానములు చెప్పుదురు: ఒకటి వయస్సు, రెండవది కర్మము. ఈ రెండును అడిగినవారి నోరు మూయించుటకు పనికివచ్చునే గాని, వారికి దారి చూపవు. కీళ్లవాతమునకును మరపునకును గల సంబంధమును శాస్త్రజ్ఞులు కొంతవరకు విడదీసి చూపియున్నారు. అందు మన చేతిలో నున్న అంశములే ఎక్కువ. ఈ మాట చెప్పుటకే నేడు మీ ముందు నిలిచితిని.

నేను వైద్యుడను గాను. అంకెలు కూడి, పద్దులు సరిచూచి బ్రదుకు గడపినవాడను. విద్వాంసులు ప్రకటించిన విషయములను చదివి, నాకు పరిచితమైన లెక్కల పద్ధతిలో అమర్చి విన్నవించుచున్నాను. ఎవరికి ఏ మందు తగునో నిర్ణయించువాడు వైద్యుడే.

మొదట వ్యాధి స్వరూపమును చూతము. మన ఆయుర్వేద గ్రంథములలో రోగములను గుర్తించు శాస్త్రమునకు మాధవకరుని మాధవనిదానము ప్రసిద్ధము. అందు ఆమవాతమను వ్యాధి వర్ణింపబడినది. కీళ్లు వాచుట, పట్టివేయుట, అన్నము రుచింపకుండుట, ఒళ్లు బరువగుట అను లక్షణములు ఆనాడే గుర్తింపబడినవి. పాశ్చాత్యులు ఈ జాతి వ్యాధులను రుమాటిజము అనిరి. గ్రీకు భాషలో రుమా అనగా ప్రవాహము. తలలో నుండి ఒక చెడునీరు దిగి కీళ్లలో చేరునని పూర్వులు తలచిరి. 1859 లో గారడ్ అను ఆంగ్ల వైద్యుడు వీనిలో ఒకదానికి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను పేరు పెట్టెను. తలనుండి కీళ్లకు ఏమి దిగుచున్నదని పూర్వులు విచారించిరి. కీళ్లనుండి తలకు ఏమి ఎక్కుచున్నదని నేటివారు విచారించుచున్నారు.

ముసలితనమున మోకాళ్లు అరిగి నొప్పించుట వేరు, ఈ వ్యాధి వేరు. దేహమును కాపాడవలసిన రోగనిరోధకశక్తియే దారి తప్పి, సొంత కీళ్లపై దాడి చేయుట దీని లక్షణము. రెండు చేతుల వ్రేళ్ల కీళ్లును, మణికట్లును వాచును. ఉదయమున లేచిన పిమ్మట గంటసేపు పిడికిలి బిగియదు. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. ముప్పదియేండ్ల ఇల్లాలికిని రావచ్చును. ఇదే కుటుంబమునకు చెందిన లూపస్ అను వ్యాధి పడుచువయస్సు స్త్రీలనే ఎక్కువగా పట్టును. అది కీళ్లతో ఆగక చర్మమును, మూత్రపిండములను, ఒక్కొక్కప్పుడు మెదడును గూడ తాకును.

ఇక మరపు సంగతి. మా లెక్కలలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకములు గలవు. ఏనాటి వ్యవహారము ఆనాడు చిట్టాలో ఎక్కవలెను. చిట్టానుండి పద్దు విడదీసి ఆవర్జాలో వేయుదురు. సంవత్సరాంతమున ఆవర్జాలో ఒక పద్దు కానరాదనుకొందము. అది చెదలు తిని పోయినదా, లేక మొదటనే చిట్టాలో ఎక్కలేదా అని చూడవలెను. మరపును గూడ అట్లే విచారింపవలెను. నొప్పితో రాత్రి నిద్రలేని మనిషి, ప్రక్కవారు చెప్పిన మాటను వినినట్లు కనబడును గాని, ఆ మాట ఆమె మనస్సున ఎక్కదు. మరునాడు "మరచితివి" అని నిందింతురు. ఎక్కని పద్దు ఆవర్జాలో ఎట్లు దొరకును? ఇది జ్ఞాపకము చెడుట కాదు. అవధానము చెదరుట. నొప్పి తగ్గి నిద్ర పట్టినయెడల ఇది చాలవరకు తిరిగివచ్చును.

రెండవ జాతి మరపు వేరు. నిత్యము చేసిన వంటలో క్రమము తప్పుట, ఎరిగిన వీధిలో దారి తెలియకుండుట, ఇచ్చిన పైకమునే మరల ఇచ్చుట, ఇవి నెలనెలకు పెరుగుచుండుట. దీనిని డిమెన్షియా అందురు. మొదటిదానిని చూచి రెండవదని భయపడరాదు. రెండవదానిని చూచి మొదటిదని ఉపేక్షింపరాదు.

కీళ్లవాతము గలవారిలో బుద్ధిమాంద్యము నిజముగా ఎక్కువగా కలదా? కలదనియే పరిశీలనలు చెప్పుచున్నవి. 2012 లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు రుమటాయిడ్ వ్యాధి గల 122 మందిని పరీక్షించిరి. జ్ఞాపకము, అవధానము మొదలగువానిని వేర్వేరుగా కొలిచిరి. ముగ్గురిలో ఒకరికి దగ్గరగా కొంత లోపము కానవచ్చెను. ఆ సంవత్సరమే ఫిన్లాండు దేశస్థులను గూర్చి మరియొక లెక్క వెలువడెను. నడివయస్సున కీళ్లవ్యాధి, అందును రుమటాయిడ్ వ్యాధి, ఉన్నవారిని ఇరువదియేండ్లు గడచిన పిమ్మట చూడగా, తక్కినవారికంటె వారి బుద్ధిశక్తి ఎక్కువగా తగ్గియుండెను.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. రెండు పద్దులు ఒకే పుటలో ఉన్నంతమాత్రమున ఒకటి రెండవదానిని కన్నదని చెప్పరాదు. రెంటికిని మూలమైన మూడవది ఎక్కడనో ఉండవచ్చును. పైగా పరీక్షలోనే చిక్కు గలదు. గడియారపు బొమ్మ గీయుమనుట, త్వరగా వ్రాయుమనుట ఇట్టి పరీక్షలలో వాడుక. వ్రేళ్లు వంకరపోయిన మనిషి గీత సరిగా గీయలేనియెడల అది మెదడు లోపమా, చేతి లోపమా? అక్షరములే రాని తల్లిని వ్రాయుమన్న ఆమె బుద్ధి ఎట్లు తెలియును? కావున పరీక్షించువారికి ఈ వివేకము ఉండవలెను. ఈ చిక్కులన్నియు తీసివేసినను కొంత సంబంధము మిగులుచున్నది. ఆ సంబంధమునకు కారణములుగా తోచునవి ఏవో ఇక వరుసగా చెప్పెదను.

మొదటిది శోథ, అనగా లోపలి వాపు. కీళ్లలో రగులు నిప్పు కీళ్లలోనే నిలువదు. దాని సెగ రక్తము ద్వారా దేహమంతటను తిరుగును. అందు పుట్టు కొన్ని రసాయనములు మెదడు పనికిని ఆటంకము కలిగించునని శాస్త్రజ్ఞుల మతము. కావున సంవత్సరముల తరబడి వాపును అణచక "ఓర్చుకొందును" అనుట గొప్ప గుణము కాదు. ఓర్పు ధర్మమే. నిప్పంటుకొన్న ఇంటిలో కూర్చుండి ఓర్చువానిని మాత్రము ఎవ్వరును మెచ్చరు.

రెండవది గుండె, రక్తనాళములు. దీర్ఘకాలపు శోథ రక్తనాళముల గోడలను చెరచును. అందుచే ఈ వ్యాధి గలవారికి గుండెపోటు, పక్షవాతము అధికముగా వచ్చును. మెదడు బ్రదుకునది రక్తముపైననే గదా! కాలువ పూడినచో చివరి మడి ఎండును. పైన చెప్పిన 122 మంది లెక్కలోను, రక్తపుపోటు, మధుమేహము, కొవ్వు మొదలగు గుండెకు చేటు చేయు అంశములు ఎక్కువగా ఉన్నవారికే బుద్ధిలోపము ఎక్కువగా కానవచ్చెను. కీళ్లకు వైద్యము చేయించుకొనుచు రక్తపుపోటును చూపించుకొననివారు ఒక గట్టు కట్టి రెండవ గట్టు తెగవిడిచినవారు. పొగ త్రాగుట గుండెను చెరచుటయేగాక కీళ్లవ్యాధిని గూడ పెంచును. చుట్ట, బీడీ, సిగరెట్టు అను భేదము దానికి లేదు.

మూడవది నొప్పి, నిద్రలేమి, అలసట. వీనిని గూర్చి చిట్టా, ఆవర్జాల ప్రస్తావనలో చెప్పియుంటిని. రక్తహీనత గూడ ఈ వ్యాధిగ్రస్తులలో తరచుగా ఉండును. అది అలసటను పెంచును.

నాల్గవది దిగులు. చేతికి గాజు ఎక్కక, పిండి కలుపలేక, మనుమని ఎత్తుకొనలేక, ఇంటిలో తన చోటు కుదించుకొనిపోవుచుండగా మనస్సు కుంగకుండునా? కుంగిన మనస్సు దేనిని పట్టుకొనదు. ఈ కుంగుబాటు డిమెన్షియాను పోలియుండును గాని చికిత్సకు లొంగును. ఇచ్చట ఇంటివారు ఒక పొరపాటు చేయుట కలదు. ఆమె రెండుసారులు మరచినదని బీరువా తాళపుచెవులు తీసికొందురు, పాలలెక్క తీసికొందురు, పెండ్లి మాటలలో సలహా అడుగుట మానుదురు. దయతోనే చేయుదురు. పని లేని కత్తి త్రుప్పు పట్టినట్లు, అడుగని బుద్ధి మొద్దువారును. బరువులెత్తు పని మానిపించుడు. ఆలోచించు పని మానిపింపకుడు.

ఐదవది మందులు. 1948 సెప్టెంబరులో అమెరికా వైద్యుడు హెంచ్, కార్టిజోన్ అను ద్రవ్యమును కీళ్లవాత రోగికి ఇచ్చెను. కదలలేని మనిషి కొలది దినములలో లేచి నడచెను. 1950 లో ఆయనకును, కెండాల్, రైక్‌స్టైన్ అను మరి యిద్దరికిని నోబెల్ బహుమానము లభించెను. స్టెరాయిడ్లు అను మందులు ఆ జాతివే. వైద్యుడు కొలిచి, కాలము నిర్ణయించి ఇచ్చినప్పుడు అవి మేలు చేయును. పెద్దమోతాదులో చిరకాలము వాడిన చక్కెర పెరుగును, రక్తపుపోటు పెరుగును, ఎముక గుల్లయగును, నిద్ర చెడును, జ్ఞాపకమును తగ్గవచ్చును. పైన చెప్పిన లెక్కలో స్టెరాయిడ్ మాత్రలు మ్రింగువారిలో బుద్ధిలోపము ఎక్కువగా ఉండెను. సంతలలో, బస్సు స్టాండ్లలో పేరులేని పొట్లములలో అమ్ము కీళ్లచూర్ణములలో స్టెరాయిడ్లను రహస్యముగా కలుపుట కలదు. "ఒక్క మోతాదుకే లేచి కూర్చుంటిని" అని ఎవరైనను చెప్పినయెడల ఆ చూర్ణమును మెచ్చుకొనుటకు ముందు సందేహింపుడు. అయితే ఎన్నాళ్లుగనో వాడుచున్న స్టెరాయిడ్ మాత్రను నా మాట విని నేడే పారవేయకుడు. హఠాత్తుగా మానుట ప్రాణాపాయము. వైద్యుడే మెల్లగా తగ్గింపవలెను.

ఆరవది చదువు, సంపద. ఆ 122 మందిలో చదువు తక్కువైనవారికిని, రాబడి తక్కువైనవారికిని లోపము ఎక్కువగా ఉండెను. ఇది విని నిరుపేదలు, నిరక్షరులు నిరాశ చెందనక్కరలేదు. ఏలయన ఈ విషయమున మన హైదరాబాదు ప్రపంచమునకు ఒక మంచిమాట చెప్పినది. దానిని కొంచెము విపులముగా చెప్పెదను.

హైదరాబాదులో పంజగుట్టకు చేరువ ఎర్రమంజిల్ అను చోటు గలదు. 19వ శతాబ్దిలో నవాబు ఫఖ్రుల్‌ముల్క్ అచ్చటి గుట్టపై ఒక భవనము కట్టించి, ఇరం మంజిల్ అని పేరిడెను. పారసీక భాషలో ఇరం అనగా స్వర్గసమానమైన ఉద్యానము. తెలుగువారి నోట అది ఎర్రమంజిల్ అయినది. ఒకే చోటు ఒక భాషలో స్వర్గము, మరియొక భాషలో ఎరుపు. 2018 సెప్టెంబరులో ఆ మార్గమున మెట్రో రైలు నడచుట మొదలైనపుడు స్టేషనుకును ఎర్రమంజిల్ అను పేరే పెట్టిరి. దానికి దగ్గరలోనే నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ, మనవారు నిమ్స్ అని పిలుచు ఆసుపత్రి, ఉన్నది. నిజాం ధర్మనిధి ద్వారా ఎముకల ఆసుపత్రిగా పుట్టి, 1989 నాటి చట్టముచే విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందినది. కీళ్లవాత వ్యాధులకు రుమటాలజీ అను ప్రత్యేక శాఖయు, మెదడు వ్యాధులకు న్యూరాలజీ శాఖయు అచ్చట గలవు. నేటి నా విషయమందలి రెండు సగములును ఒకే ప్రాంగణమున ఉన్నవన్నమాట.

ఆ న్యూరాలజీ శాఖలో డాక్టరు సువర్ణ అల్లాడి, డాక్టరు సుభాష్ కౌల్ మొదలగువారు, ఎడింబరో విశ్వవిద్యాలయపు డాక్టరు థామస్ బాక్‌తో కలసి చేసిన పరిశీలన 2013 లో ప్రకటింపబడినది. డిమెన్షియాకై అచ్చటికి వచ్చిన 648 మంది వివరములను వారు పరిశీలించిరి. వీరిలో 391 మంది రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటలాడువారు. తక్కినవారు ఒకే భాషవారు. ఒకే భాషవారికంటె రెండు భాషలవారికి వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా మొదలయ్యెను. చదువు, స్త్రీపురుష భేదము, వృత్తి, పల్లె పట్టణ భేదము మొదలగువానిని లెక్కలోనికి తీసికొన్నను ఈ తేడా నిలిచినది. అక్షరజ్ఞానము లేనివారిలోను ఆ తేడా కానవచ్చుట అందు మిక్కిలి ముఖ్యమైన విషయము. రెండు మించి ఎన్ని భాషలు వచ్చినను అదనపు లాభము కనబడలేదు.

2016 లో వారే పక్షవాతము వచ్చిన 608 మందిని గూర్చి మరియొక లెక్క వెలువరించిరి. పక్షవాతము పిమ్మట బుద్ధి చెడక నిలిచినవారు రెండు భాషలవారిలో నూటికి 40.5 మంది. ఒకే భాషవారిలో 19.6 మంది మాత్రమే.

ఈ రెండు పరిశీలనలును కీళ్లవాత రోగులను గూర్చినవి కావు. ఇతర దేశములలో కొందరు చేసిన లెక్కలలో ఇంతటి తేడా కానరాలేదు. అయినను ఇందలి తత్త్వము మనకు వర్తించును. దానిని శాస్త్రజ్ఞులు బుద్ధి నిలువ అని భావింతురు. పంట బాగుగా పండిన ఏట గాదెలో నిలువ చేసిన రైతు, కరవు వచ్చినను వెంటనే పస్తుండడు. భాషలు మార్చి మాటలాడుట, చదువుట, వాదించుట, పద్యము కంఠస్థము చేయుట, చదరంగము ఆడుట, నలుగురితో కలసిమెలసి యుండుట, ఇవన్నియు ఆ గాదె నింపు గింజలు. వ్యాధి వలన మెదడునకు నష్టము కలిగినను నిలువ ఉన్నవాడు చాలకాలము తట్టుకొనును. బడికి పోని మన తల్లులు, సంతలో ఉరుదూ, ఇంట తెలుగు, కూలిపనికి వచ్చినవారితో హిందీ మాటలాడుచు, తమకు తెలియకయే ఆ గాదెను నింపుకొన్నారు. వారిని నిరక్షరులని చిన్నచూపు చూచుట మనకు తగదు.

2024 లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన విద్వాంసుల సంఘము, మార్చుకొనదగిన పదునాలుగు అంశములను లెక్కించి, వానిని సరిదిద్దినచో ప్రపంచమున డిమెన్షియాలో నూటికి 45 వంతుల వరకు తప్పించుటకో, ఆలస్యము చేయుటకో వీలుండునని చెప్పెను. వానిలో చదువు, రక్తపుపోటు, మధుమేహము, కుంగుబాటు, పొగ త్రాగుట, వ్యాయామము లేమి, ఒంటరితనము, వినికిడి లోపము, చూపు లోపము ఉన్నవి. చెవియంత్రము పెట్టుకొనుటకును కండ్లజోడు మార్చుకొనుటకును సిగ్గుపడువారు ఈ మాట గుర్తింపవలెను.

మరియొక శుభవార్త గలదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఓల్మ్‌స్టెడ్ అను ప్రాంతపు రోగులను దశాబ్దముల తరబడి వైద్యులు లెక్కించుచున్నారు. 1980లలో రుమటాయిడ్ వ్యాధి మొదలైనవారిలో పదేండ్లలోగా డిమెన్షియా వచ్చినవారు నూటికి 12.7 వంతులు. 2000 తరువాతి దశాబ్దమున వ్యాధి మొదలైనవారిలో అది 6.2 వంతులకు తగ్గినది. శోథను త్వరగా, గట్టిగా అణచు మందులు వచ్చుట దానికొక కారణము కావచ్చునని వారి ఊహ. కావున మరపు ఈ వ్యాధికి తప్పని శిక్ష కాదు.

ఆ మందులలో ముఖ్యమైన మెథోట్రెక్సేట్‌ను గూర్చి చెప్పక ముగింపరాదు. అది మన తెలుగువాని కీర్తితో ముడిపడినది. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వము వహించిరి. ఆయన బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఆ ఫోలిక్ ఆమ్లమునకు ఎదురు నడచు మందులను గూడ వారే నిర్మించిరి. మెథోట్రెక్సేట్ వానిలో ఒకటి. మొదట రక్తపు కాన్సరుకు వాడిరి. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో కీర్తిశేషులైరి. నలువది సంవత్సరముల పిమ్మట, 1988 లో, కీళ్లవాతమునకు ఈ మందును అమెరికా ప్రభుత్వము అంగీకరించెను. నేడు దేశదేశముల రోగులు మెథోట్రెక్సేట్‌ను మ్రింగి, దాని చెడుగు తగలకుండ వేరొక దినమున ఫోలిక్ ఆమ్లము మ్రింగుచున్నారు. రెండును ఆయన బృందము ప్రసాదించినవే.

అయితే ఈ మందు కీళ్లవాతమునకు వారమునకు ఒక్క దినమే మ్రింగవలసినది. ప్రతిదినము మ్రింగినచో నోరు పుండ్లుపడును, రక్తకణములు పడిపోవును, ప్రాణమే పోవచ్చును. ఇప్పుడు ఆలోచింపుడు. మరపు కలిగించు వ్యాధికి, మరపు సహింపని మందు! నిన్న మ్రింగితినో లేదో జ్ఞప్తికి రాక మరల మ్రింగుట ఎంత సులభము! మందుచీటీ చదువలేనివారి ఇంట ఇది మరింత సులభము. కావున వారము పేరును పెద్ద అక్షరములతో కాగితముపై వ్రాసి గోడకు అంటింపవలెను. మ్రింగిన వెంటనే పంచాంగపు కాలెండరులో గుర్తు పెట్టవలెను. ఆ మాత్రలను తక్కిన మాత్రలతో కలిపి ఉంచరాదు. ఇంటిలో చదువు వచ్చిన ఒకరు బాధ్యత వహింపవలెను. ఒక వారము మరచిన, రెట్టింపు మ్రింగక వైద్యుని అడుగవలెను. నోట పుండ్లు, జ్వరము, ఆయాసము, ఒంటిపై కమిలిన మచ్చలు కనబడిన వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మరపు క్రమముగా పెరుగుచున్నదని తోచిన, ఆసుపత్రిలో ఆ మాట తప్పక చెప్పుడు. కీళ్లవైద్యునికి కీళ్లనే చూపవలెనను నియమము లేదు. థైరాయిడ్ లోపము, బి-12 విటమిను లోపము, రక్తహీనత, చక్కెర ఎక్కువ తక్కువలు గూడ మరపు కలిగించును. ఇవి రక్తపరీక్షలో తెలియును, చికిత్సతో సరియగును. లూపస్ గలవారిలో రక్తము గడ్డకట్టించు ప్రతిద్రవ్యములు ఉండి మెదడుకు హాని చేయవచ్చును. దానికిని పరీక్ష గలదు. మాట తడబడుట, ముఖము ఒకవైపు వంగుట, ఒక్కసారిగా మనుషులను గుర్తింపకుండుట సంభవించినయెడల తెల్లవారువరకు ఆగరాదు.

సోదరులారా! విని పోవుటకు ఉపన్యాసము, చేయుటకు తీర్మానము అందురు. ఈ సభ ముందు రెండు ప్రతిపాదనలు ఉంచుచున్నాను.

మొదటిది: వారమునకు రెండు సాయంకాలములు మన గ్రంథాలయమున పఠనగోష్ఠి జరుగవలెను. చదువగలవారు చదువుదురు. చదువలేనివారు విందురు. విన్నవారు మరునాటి గోష్ఠిలో కథను తమ మాటలలో తిరిగి చెప్పవలెను. తెలుగు పుస్తకమే గాక ఒక్కొక్కనాడు హిందీ, ఉరుదూ కథలను గూడ చదివింతము. చేతులు నొచ్చువారు పుస్తకము పట్టుకొనలేరు గనుక, వ్రాలు బల్లలు రెండు చేయింపవలెను. మెట్లు ఎక్కలేనివారికై గోష్ఠి వసారాలోనే జరుగవలెను.

రెండవది: మన పాఠశాలలోని పై తరగతుల బాలబాలికలు, ఊరిలో వారపు మాత్ర మ్రింగువారి ఇండ్లకు పోయి, ఇంటివారి అనుమతితో, ఆ వారము పేరును పెద్ద అక్షరములతో వ్రాసి ఇచ్చి రావలెను. ఒక కాగితము, ఒక కలము చాలును. గ్రంథాలయము పుస్తకముల ఇల్లు మాత్రమే కాదు. అక్షరము అవసరమైన ప్రతి గడపకు అక్షరమును చేర్చు సంస్థ.

తల్లులారా! మీ చేతివ్రేళ్లు వంగినవి. ఆ చేతులతోనే ఈ ఊరి పంటలు ఇండ్లకు చేరినవి, ఈ ఊరి పిల్లలు పెద్దవారైరి. మతి మందగించుచున్నదని తోచినప్పుడు దాచుకొనకుడు. అది సిగ్గుపడవలసినది కాదు, అడుగవలసిన ప్రశ్న. వాపు అణగించుకొనుడు, రక్తపుపోటు చూపించుకొనుడు, నిద్రను కాపాడుకొనుడు, చదువుడు, వినుడు, మాటలాడుడు. ఇంటివారలారా! వారి మాట వినుడు, వారిని సలహా అడుగుడు.

రజతోత్సవము చేసికొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము చేసికొను నాటికి, నేడు ఇచ్చట కూర్చున్న తల్లులలో ఎక్కువమంది తమ జ్ఞాపకములతో ఆ వేదికపై మాటలాడుదురు గాక యని ఆకాంక్షించుచున్నాను.